హత్య అనొచ్చా?

ఒక పాత ఇంగ్లీషు తీర్పుని తెలుగు చేసిపెట్టమని మిత్రుడొకాయన అడిగాడు. లా కాలేజీలో పాఠాలు చెబుతాడాయన. పిల్లలకి కేసు కథ వచ్చు, తీర్పులోని ఇంగ్లీషే మింగుడుపడటం లేదట. పట్టుమని పాతిక పేజీలు లేవు, రెండు ఆదివారాల పని అనుకుని ఒప్పుకున్నాను. మొదటి పేజీలోనే బండి దిగబడిపోయింది. కిల్లింగ్, హోమిసైడ్, మ్యాన్‌స్లాటర్, మర్డర్, నాలుగూ అక్కడే కాచుకుని ఉన్నాయి. నాలుగింటికీ నా కలం ‘హత్య’ అనే రాసుకుపోయింది. తిరగేసి చదువుకుంటే ‘ఈ హత్య హత్య అవునా కాదా’ అని వచ్చింది. నవ్వొచ్చింది కానీ, ఆ కేసులో ఐదుగురు జడ్జీలను ఒక్కచోట కూర్చోబెట్టిన ప్రశ్న అచ్చంగా అదే.

కేసు 1884 నాటిది. మిన్యొనెట్ అనే విలాసపు పడవని ఆస్ట్రేలియాలో కొన్నాయనకి అప్పజెప్పడానికి నలుగురు మనుషులు మే 19న సౌతాంప్టన్ నుంచి బయల్దేరారు. కెప్టెన్ టామ్ డడ్లీ, మేట్ ఎడ్విన్ స్టీఫెన్స్, నావికుడు ఎడ్మండ్ బ్రూక్స్, పనికుర్రాడు రిచర్డ్ పార్కర్. కుర్రాడికి పదిహేడేళ్లు. జూలై 5న దక్షిణ అట్లాంటిక్‌లో పెద్ద అల కొట్టి పడవ మునిగింది. నలుగురూ పదమూడడుగుల డింగీలోకి దూకారు. తిండి అంటే రెండు టర్నిప్ డబ్బాలు, ఒక్కోటి అరకిలోకి తక్కువే. మంచినీళ్లు చుక్క లేవు. నాలుగో రోజున ఒక తాబేలు దొరికింది. అదీ అయిపోయాక వానపడ్డప్పుడు కోట్లలో పట్టుకున్న నాలుగు గుక్కలే ఆధారం. కుర్రాడు దాహానికి ఆగలేక సముద్రపు నీళ్లు తాగి పడవ అడుగున పడిపోయాడు. జూలై 25 ప్రాంతంలో డడ్లీ దేవుడికి దండం పెట్టుకుని, జేబుకత్తితో వాడి గొంతులో పొడిచాడు. స్టీఫెన్స్ ఊఁ అన్నాడు, బ్రూక్స్ అనలేదు. తినడం మాత్రం ముగ్గురూ తిన్నారు. నాలుగు రోజుల తర్వాత ఒక జర్మన్ ఓడ వాళ్లని ఎక్కించుకుంది.

ఫాల్మత్ రేవులో దిగగానే డడ్లీ జరిగింది జరిగినట్టు చెప్పేశాడు, రాసి సంతకం కూడా పెట్టాడు. దాచాలన్న ఆలోచన ఆయనకి వచ్చినట్టే లేదు. నడిసముద్రంలో ఆకలికి ఒకరిని తినడం నావికుల మధ్య చెప్పుకోలేనంత వింతేమీ కాదు ఆ రోజుల్లో. ఇంగ్లీషులో దానికి ‘సముద్రపు ఆనవాయితీ’ అనే పేరు కూడా ఉంది. ఆనవాయితీ ప్రకారం చీట్లు వెయ్యాలి. వీళ్లు వెయ్యలేదు, అదొక్కటే లోటు. ఊరంతా వీళ్లమీద జాలిపడింది. చనిపోయిన కుర్రాడి తోడబుట్టినవాడు, అతనూ నావికుడే, కోర్టులో వాళ్లతో చెయ్యి కలిపాడు.

నవంబరులో ఎక్సెటర్‌లో విచారణ జరిగింది. బ్రూక్స్ మీద కేసు ఎత్తేసి సాక్షిగా నిలబెట్టారు. జడ్జి బారన్ హడిల్‌స్టన్‌కి ఒక భయం పట్టుకుంది. జ్యూరీని నేరుగా అడిగితే జాలిపడి వదిలేస్తారేమో! అందుకని అప్పటికే మూలపడ్డ ఒక పాత పద్ధతిని దుమ్ము దులిపి తీశాడు. జ్యూరీ వాళ్లు నిర్దోషి, దోషి అనక్కర్లేదు. ఏం జరిగిందో అంతవరకు చెబితే చాలు. ఆ వివరాలూ ఆయనే ముందుగా రాసి తెచ్చుకుని ఒక్కొక్క పేరా చదివాడు, వాళ్లు తలూపారు. ఇన్ని రోజులు తిండి లేదు, ఇన్ని రోజులు నీళ్లు లేవు, కుర్రాణ్ణి తినకపోతే మిగతావాళ్లు బహుశా బతికేవాళ్లు కాదు, కుర్రాడు వీళ్లకంటే ముందే పోయేవాడు. అన్నీ అయ్యాక చివర్లో జ్యూరీ చెప్పిన మాటకి భావం ఇది: ఇదంతా మర్డర్ అవుతుందో లేదో మాకు తెలియదు, కోర్టువారే చెప్పాలి.

పన్నెండుమంది మామూలు మనుషులు. చంపడం ఒప్పుకున్నారు, చచ్చింది ఒప్పుకున్నారు, కత్తి ఒప్పుకున్నారు. మాట దగ్గరికొచ్చేసరికి ‘మా వల్ల కాదు’ అన్నారు. నా అనువాదం సరిగ్గా ఇక్కడే ఆగింది.

ఆగిపోయిన పనికి నిఘంటువు తిరగెయ్యడం ఒక మంచి సాకు. మర్డర్ అనే మాటని వెనక్కి లాక్కుంటూ పోతే మన పెరట్లోకే వస్తుంది. పాత ఇంగ్లీషులో అది ‘మోర్థర్’. జర్మన్‌లో ‘మోర్డ్’. లాటిన్‌లో చావుకి ‘మోర్స్’. సంస్కృతంలో ‘మృ’ ధాతువు. మన మరణం, మృత్యువు, మృతుడు, మర్త్యుడు అన్నీ ఆ గూటి పక్షులే. అమృతం కూడా! పాలసముద్రాన్ని చిలికి తీసినదీ, అట్లాంటిక్‌లో జేబుకత్తి చేసినదీ ఒకే ధాతువు కడుపున పుట్టాయి. లాటిన్ వైపు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఇంకో దాయాది మార్ట్‌గేజ్. ‘చచ్చిన కుదువ’ అని దానర్థం. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లని అడిగితే అందులో అతిశయోక్తి ఏమీ లేదంటారు.

మూలం చావే అయినా, జర్మానిక్ జాతుల నోట్లో ‘మోర్థ్’ అంటే ఊరికే చంపడం కాదు, చాటుగా చంపడం. పదిమందిలో, పగటిపూట, మొహం మీద చంపితే అది పగ, దానికి పరిహారం లెక్క ఉంది. మనిషి హోదానిబట్టి ఇంత అని కట్టేస్తే తీరిపోతుంది. చీకట్లో చంపి, శవాన్ని దాచి, నోరు మూసుకుంటేనే మోర్థ్. సిగ్గుమాలిన పని అన్న ఏవగింపు ఆ మాటకి అంటుకుని ఉంది. ఈ లెక్కన చూస్తే డడ్లీ చేసింది మర్డర్ కానేకాదు. ఇద్దరి కళ్లెదుట చంపి, రేవులో దిగి తనంతట తానే చెప్పుకున్నవాడు ఆయన. చట్టంలో మాట అర్థం మారిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మార్చింది నార్మన్లు. 1066లో విలియమ్ ఇంగ్లండుని గెలిచాడు. గెలిచాక అతని మనుషులు ఒంటరిగా తిరగడానికి లేకపోయింది. అడవి దారిలోనో, పొలం గట్టు మీదో నార్మన్ శవం తేలేది. చంపిందెవరంటే ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. దీనికి విరుగుడుగా ఒక జరిమానా పెట్టారు. నార్మన్ శవం దొరికి, చంపినవాణ్ణి పట్టివ్వకపోతే ఆ హండ్రెడ్ మొత్తం (హండ్రెడ్ అంటే మన పాత ఫిర్కా లాంటిది అనుకోండి) డబ్బు కట్టాలి. పన్నెండో శతాబ్దపు చట్టాల సంకలనంలో ఆ లెక్క 46 మార్కులు అని ఉంది. నలభై రాజుకి, ఆరు చచ్చినవాడి బంధువులకి. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు. ఆ కాలపు పల్లెటూళ్లకి అది నడుము విరిచే సొమ్ము. ఆ జరిమానా పేరే లాటిన్ పద్దుల్లో ‘ముర్‌ద్రుమ్’. అంటే చాటుగా చంపడానికి పెట్టిన పేరే, ఊరు కట్టాల్సిన సొమ్ముకి కూడా పేరయింది. నార్మన్ల ఫ్రెంచి, వాళ్ల గుమాస్తాల లాటిన్ తగిలి పాత ‘మోర్థర్’లో థకారం డకారమైంది. ఇంగ్లీషువాడు ఇవాళ పలికే మర్డర్‌లోని ఆ డకారం జరిమానా రసీదు మీది ముద్ర అన్నమాట.

ఇందులో అసలు కిటుకు ఇంకొకటుంది. శవానికి భాష రాదు. చచ్చిపడున్నవాడు నార్మనో ఇంగ్లీషువాడో చెప్పడమెలా? రాజుగారి వైపు నుంచి సమాధానం తేలిక: చంపబడి దొరికిన ప్రతి శవం నార్మనే. కాదంటే ఊరివాళ్లు రుజువు చేసుకోవాలి. చచ్చినవాడి చుట్టాలు వచ్చి, వీడు మావాడే, ఇంగ్లీషు కడుపున పుట్టినవాడే అని శవ పంచనామా దగ్గర ప్రమాణం చెయ్యాలి. దీనికి ‘ఇంగ్లిషరీ’ నిరూపించడం అని పేరు. ఆ ఊళ్లో ఏడవడానికి ఎవరూ లేని బాటసారి చచ్చిపోతే వాడు ఫ్రెంచివాడైపోతాడు, ఊరు 46 మార్కులు కడుతుంది.

వందేళ్లు గడిచాయి. 1170ల్లో రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ పద్దుల శాఖ పనితీరు మీద ఒక గురుశిష్య సంవాదం రాశాడు. ముర్‌ద్రుమ్ అంటే ఏమిటి స్వామీ అని శిష్యుడడుగుతాడు. గురువు కథంతా చెప్పి చివర్లో ఒక ముక్క చేరుస్తాడు: ఇప్పుడు ఇంగ్లీషువాళ్లూ నార్మన్లూ ఇచ్చిపుచ్చుకుని ఎంత కలిసిపోయారంటే, స్వతంత్రుల్లో ఎవడు ఏ జాతో చెప్పడం కష్టం. పొలానికి కట్టుబడ్డ విలనుల సంగతి వేరు, వాళ్లు ఇంగ్లీషువాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. తక్కిన ఏ శవం దొరికినా ముర్‌ద్రుమ్ కిందికే వస్తుంది. కారణం చచ్చిపోయింది, రాబడి బతికుంది. ఆ రాబడి 1340 దాకా బతికింది. మూడో ఎడ్వర్డ్ కాలంలో దాన్ని ఎత్తేశారు. జరిమానా పోయినా మాట మిగిలింది. ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఎవరో ఒకరు చేరతారు కదా, ఆ మాటలోకి కొత్త అర్థం చేరింది: చాటుగా చంపడం కాస్తా, కావాలని చంపడం అయింది.

మన ‘హత్య’ కూడా ఇలాంటి ఇంట్లోనే పెరిగింది. సంస్కృతంలో ఈ మాట ఒంటరిగా నడిచేది తక్కువ, సమాసం తోకగానే ఎక్కువ. బ్రహ్మహత్య, గోహత్య, స్త్రీహత్య, శిశుహత్య. ‘ఎవరిని?’ అన్న ప్రశ్నకి జవాబు ముందు పెడితే గాని అది నిలబడదు. పాపం బరువూ, ప్రాయశ్చిత్తం ఖర్చూ ఆ ముందుమాటని బట్టే. శవం నార్మనా కాదా అని అడిగిన విలియమ్ గుమాస్తాకి మన ధర్మశాస్త్రాల లెక్క చెబితే ఎంతమాత్రం ఆశ్చర్యపడేవాడు కాదు. తెలుగులో పత్రికలూ పోలీసు కాగితాలూ పెరిగాకే ‘హత్య’ సమాసం తోక తెంపుకుని సొంతంగా తిరగడం బాగా అలవాటైంది. అంతకుముందు నుంచీ ఉన్నది ఖూనీ. పారసీలో ‘ఖూన్’ అంటే నెత్తురు. అక్కడ ‘ఖూనీ’ అంటే నెత్తుటి మనిషి, హంతకుడు. మనం మనిషిని వదిలేసి పనికి ఆ పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ఖూనీ మనుషుల మీద తగ్గింది. పాటనో, భాషనో, ప్రజాస్వామ్యాన్నో చెయ్యడానికే ఎక్కువ వాడుతున్నాం. టీకొట్టు దగ్గర మాత్రం మర్డరే. ‘నిన్న బైపాస్ దగ్గర మర్డరయిందంట’ అంటారు గాని, హత్య జరిగిందట అని ఎవరూ అనరు. ధాతువు చుట్టరికం చూస్తే మరణం ఇంటికి మర్డర్ తిరిగొచ్చినట్టే.

అచ్చ తెలుగు సంగతి చెప్పకుండా ఉండలేను. చచ్చు, చంపు. ఒకే మూలం, రెండు క్రియలు. చచ్చేవాడూ చంపేవాడూ ఒక మాటకి రెండు కొసల్లో నిలబడతారు. అందులో చట్టం లేదు, నేరం లేదు. దోమనీ చంపుతాం, టైమునీ చంపుతాం, ‘నవ్వించి చంపాడురా’ అనీ అంటాం. జ్యూరీ పన్నెండుమందికి కావలసింది ఇలాంటి మాటే. వాళ్లు చెప్పగలిగినంతా ‘చంపారు’ అన్న మాటలో ఉంది.

మళ్లీ ఇంగ్లండుకి. చాటు పోయి ‘కావాలని’ వచ్చిందన్నాను. ఆ ‘కావాలని’కి చట్టం పెట్టిన పేరు ‘మాలిస్ అఫోర్‌థాట్’. ముందుగా మనసులో పెట్టుకున్న ద్వేషం అని అక్షరార్థం. పదహారో శతాబ్దానికి ఈ రెండు మాటల మీద మెడకాయలు వేలాడాయి, నిజంగానే. అంతకుముందు చర్చి మనుషులకి ఉరి నుంచి మినహాయింపు ఉండేది. చర్చి మనిషనడానికి రుజువు చదువు. బైబిల్లో ఒక వాక్యం చదివి వినిపిస్తే చాలు. క్రమంగా చదవడం వచ్చిన ప్రతివాడూ చర్చి మనిషైపోయాడు. ఎనిమిదో హెన్రీ కాలం నుంచి వరసగా వచ్చిన శాసనాలు, మాలిస్‌తో చంపితే ఈ మినహాయింపు చెల్లదన్నాయి. అప్పటినుంచే మర్డర్, మ్యాన్‌స్లాటర్ వేరుకాపురాలు పెట్టాయి. 1598లో నాటకకర్త బెన్ జాన్సన్ హాక్స్‌టన్ పొలాల్లో గేబ్రియల్ స్పెన్సర్ అనే నటుణ్ణి కత్తిసాములో చంపాడు. అభియోగం మ్యాన్‌స్లాటరే కాబట్టి చదివి బయటపడ్డాడు. బొటనవేలి మీద వాత పెట్టి పంపారు, మళ్లీ ఇంకోసారి చదువుతానంటే కుదరకుండా. ‘చదువుకుంటే బాగుపడతావు’ అనే మన పెద్దల మాటకి ఇంత సూటి ఉదాహరణ నేనెక్కడా చూడలేదు.

తమాషా ఏమిటంటే, వందల ఏళ్లు జడ్జీల నోళ్లలో నానాక మాలిస్‌లో ద్వేషమూ మిగల్లేదు, అఫోర్‌థాట్‌లో ముందు ఆలోచనా మిగల్లేదు. అప్పటికప్పుడు చంపాలనుకున్నా చాలు. డడ్లీకి ఆ కుర్రాడి మీద ద్వేషం ఏముంది? దండం పెట్టుకుని మరీ చంపాడు. అయినా చట్టం భాషలో అది మాలిసే.

ఇంకో సంగతి ఇంతకంటే గడ్డుది. 1762లో సర్ మైకేల్ ఫాస్టర్ అనే జడ్జి తన క్రిమినల్ లా గ్రంథంలో ఒక సూత్రం రాశాడు. ఒకడు చంపాడని తేలితే చాలు, అది మాలిస్‌తోనే చంపాడని చట్టం అనుకుంటుంది. కాదు, ప్రమాదవశాత్తు జరిగింది అనో, రెచ్చగొడితే జరిగింది అనో రుజువు చేసుకోవాల్సింది ముద్దాయి. ఈ వాక్యం చదివినప్పుడు నాకు 46 మార్కులు గుర్తొచ్చాయి. దొరికిన ప్రతి శవం నార్మనే, కాదని మీరు చూపించండి. జరిగిన ప్రతి చంపడం మర్డరే, కాదని నువ్వు చూపించు. మర్డర్ అనే మాట ఒంటరిగా తిరగదని నాకు అప్పుడు తట్టింది. ఎక్కడికొచ్చినా శవం గురించి ముందే అనుకున్న ఒక ఊహని చంకనేసుకుని వస్తుంది. జరిమానా ఎత్తేసిన నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు.

ఫాస్టర్ వాక్యం మరో 173 ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో కూర్చుంది. 1934 డిసెంబరులో రెజినాల్డ్ వుల్మింగ్‌టన్ అనే ఇరవయ్యొక్కేళ్ల పాలేరు, పుట్టింటికి వెళ్లిపోయిన భార్య దగ్గరికి తుపాకీతో వెళ్లాడు. రాకపోతే నేను కాల్చుకుని చస్తానని బెదిరించడానికే తీసుకెళ్లానని, చూపించబోతుంటే పేలిందని అతని మాట. ఆమె చనిపోయింది. మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. బ్రిస్టల్‌లో రెండోసారి విచారించిన జస్టిస్ స్విఫ్ట్ ఫాస్టర్ సూత్రమే జ్యూరీకి అప్పజెప్పాడు: చంపినట్టు తేలింది కనక, ప్రమాదమని అతను మిమ్మల్ని ఒప్పిస్తే తప్ప ఇది మర్డరే. ఉరిశిక్ష పడింది. కింది అప్పీలు పోయింది. కేసు ప్రభువుల సభకి వెళ్లింది. 1935లో లార్డ్ చాన్సలర్ శాంకీ ఆ రెండు శతాబ్దాల వాక్యాన్ని తీసి పక్కన పెట్టాడు. ముద్దాయి నేరాన్ని రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషనే, ఇంగ్లీషు క్రిమినల్ లా అనే నేతలో ఇది బంగారు పోగు అన్నాడు. వుల్మింగ్‌టన్ ఇంటికెళ్లాడు. ఆ పోగుని మన సుప్రీంకోర్టు తీర్పుల్లో ఎన్నిసార్లు తీసి చూపించారో లెక్కలేదు. పోగు ఎప్పటినుంచో ఉందన్నట్టు శాంకీ మాట్లాడాడు గాని, దాన్ని ఆ రోజే నేశాడని నా అనుమానం. మంచి నేతగాళ్లు అలాగే చెబుతారు.

మాట అర్థం తప్పుగా తెలిసి మెడ మీదికి తెచ్చుకున్నవాడి కథ కూడా ఒకటుంది. శవం కనిపించకపోతే మర్డర్ అనొద్దని పదిహేడో శతాబ్దంలో జడ్జి మాథ్యూ హేల్ జాగ్రత్త చెప్పాడు. దానికి కారణాలున్నాయి. 1660లో క్యాంప్‌డెన్ ఊళ్లో విలియమ్ హారిసన్ అనే ముసలాయన మాయమైతే, ఒక తల్లినీ ఇద్దరు కొడుకుల్నీ ఉరి తీశారు. 1662లో హారిసన్ నడుచుకుంటూ ఊళ్లోకొచ్చాడు. ఆ భయంలోంచి ‘శవం లేకపోతే కేసు లేదు’ అనే లోకవాక్యం పుట్టింది. 1949లో జాన్ జార్జ్ హేగ్ అనే పెద్దమనిషి వేషం మోసగాడు ఒక సంపన్న వితంతువుని క్రాలీలోని తన షెడ్డుకి తీసుకెళ్లి కాల్చి, శవాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్ డ్రమ్ములో వేశాడు. పోలీసుల ముందు దర్జాగా చెప్పాడు: ఆమె ఇక లేదు, శవమే లేనప్పుడు మర్డరని ఎలా రుజువు చేస్తారు? లాటిన్‌లో ‘కార్పస్ డెలిక్టై’ అనే మాట ఉంది. కార్పస్ అంటే ఒళ్లు కాబట్టి శవమేనని అతని లెక్క. అక్కడున్నది నేరం ఒళ్లు. నేరం జరిగిందని చూపించే సంగతుల మొత్తం. మనం రోజూ వినే హెబియస్ కార్పస్‌లో ఆ ఒళ్లు బతికున్న మనిషిది. సొసైటీల కార్పస్ ఫండ్‌లో అసలు మనిషే లేడు, మూలధనం ఉంది. హేగ్‌కి ఏ తెలుగు అపార్ట్‌మెంటు సెక్రటరీ అయినా చెప్పి ఉండేవాడు.

పెథాలజిస్టు కీత్ సింప్సన్ ఆ షెడ్డు బయట మట్టిలో గులకరాళ్ల మధ్య వేరే రకం రాళ్లు చూశాడు. పిత్తాశయంలో పుట్టే రాళ్లు, మూడు. యాసిడ్ వాటిని తినలేదు. కట్టుడుపళ్ల సెట్టు కూడా తినలేదు. అవి నేను కట్టినవే అని దంతవైద్యురాలు గుర్తుపట్టింది. లూయిస్‌లో జస్టిస్ ట్రావర్స్ హంఫ్రీస్ ముందు విచారణ రెండ్రోజుల్లో ముగిసింది, జ్యూరీకి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆగస్టు 10న వాండ్స్‌వర్త్ జైల్లో ఉరి.

ఆ కేసులో హేగ్ తరఫున వాదించింది డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్. పదకొండేళ్ల తర్వాత ఆయనే వైకౌంట్ కిల్మ్యూర్ పేరుతో లార్డ్ చాన్సలర్‌గా కూర్చుని, శాంకీ తీసి పక్కనపెట్టినదాన్ని ఇంకో వేషంలో తిరిగి తెచ్చాడు. దొంగసామాను ఉన్న కారుని ఆపబోయి పట్టుకుని వేలాడిన కానిస్టేబుల్‌ని డ్రైవరు స్మిత్ అలాగే ఈడ్చుకుపోయాడు. పట్టు జారి పడ్డ కానిస్టేబుల్ ఇంకో కారు కింద చనిపోయాడు. చంపాలనుకోలేదని స్మిత్ అన్నాడు. నీ మనసులో ఏముందో మాకక్కర్లేదు, ఇలా చేస్తే ఏమవుతుందో బుద్ధున్న మనిషికి తెలుస్తుంది, కాబట్టి నువ్వూ అదే తలపెట్టావనుకుంటాం అని 1960లో ప్రభువుల సభ తీర్పిచ్చింది. మళ్లీ ‘అనుకుంటాం’! 1967లో పార్లమెంటు చట్టం చేసి ఆ అనుకోవడాన్ని కొట్టేసింది.

మన దగ్గరికొస్తే, 1837లో ముసాయిదా రాసిన మెకాలే బృందం మాలిస్ అఫోర్‌థాట్‌ని భారత శిక్షాస్మృతి గడప తొక్కనివ్వలేదు. 1860లో చట్టమైన కోడ్‌లో నేరపూరితంగా చంపడానికి 299 సెక్షన్, అందులోనే మర్డర్ అయ్యేదానికి 300 సెక్షన్ పెట్టారు. తేడా ఎక్కడుందో చూడండి. 299లో ‘చావు రావచ్చుననిపించే దెబ్బ’. 300లో ‘మామూలుగా అయితే చావుకి సరిపోయే దెబ్బ’. రావచ్చు, సరిపోయే. ఈ రెండు మాటల మధ్య ఉరికంబానికీ జైలుగదికీ ఉన్న దూరం ఉంది. 2024 జూలై 1 నుంచి కోడ్ పేరు మారి అంకెలు 100, 101 అయ్యాయి గాని ఆ రెండు మాటలూ చెక్కుచెదరలేదు. మొదటిదానిలో ఉండి రెండోదాని దాకా రానిదాన్ని మన పత్రికలు ‘హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య’ అని రాస్తాయి. నాకు ఎప్పుడూ గొంతులో పడే మాట ఇది. తెలుగు చెవికి నరహత్య అంటే నరబలి, నరమేధం పక్కన కూర్చునే మాట. హత్యకంటే పదింతలు ఘోరంగా వినిపిస్తుంది. తీరా చూస్తే అది చిన్న నేరం! ఇంగ్లీషువాళ్ల మ్యాన్‌స్లాటర్‌దీ ఇదే వరస. కసాయిపని అనే మాటని తెచ్చి తేలిక నేరానికి తగిలించారు.

ఇంతకీ ఆ పన్నెండుమంది అడిగిన ప్రశ్న. లండన్‌లో ఐదుగురు జడ్జీలు కూర్చున్నారు. వాళ్లకి పెద్ద లార్డ్ చీఫ్ జస్టిస్ కోల్‌రిడ్జ్. సముద్రంలో దాహంతో మలమల మాడిన ముసలి నావికుడి మీద పద్యకథ రాసిన కవి కోల్‌రిడ్జ్‌కి ఈయన అన్నగారి మనవడు. కథల్లో పెడితే నమ్మరు. ఆకలి ఎంతటిదైనా అమాయకుడి ప్రాణం తియ్యడానికి అది హక్కు ఇవ్వదనీ, బలహీనుడు కాబట్టి వాణ్ణే ఎంచుకోవడం ఏం న్యాయమనీ ఆయన అడిగాడు. మేమే అందుకోలేని ప్రమాణాలు కొన్నిసార్లు మేము పెట్టక తప్పదు అని కూడా ఒప్పుకున్నాడు. ఇది మర్డరే అన్నారు ఐదుగురూ. డిసెంబరు 9న ఉరిశిక్ష చదివారు. వెయ్యబోరని ఆ గదిలో అందరికీ తెలుసు. రాణి పేరుమీద అది ఆరు నెలల జైలుగా మారింది. మాటకి పూర్తి బరువు, మనిషికి ఆరు నెలలు. డడ్లీకి ఆ మాటే మింగుడుపడలేదు. విడుదలయ్యాక సిడ్నీ చేరి, పడవలకి తెరచాపలు, తాళ్లు అమ్ముకుని బతికాడు. 1900లో ఆ ఊరికి ప్లేగొస్తే మొదట పోయినవాడు ఆయనే.

నా అనువాదంలో మర్డర్‌కి ‘హత్య’ ఉంచాను. మ్యాన్‌స్లాటర్‌కి నరహత్య పెట్టడానికి చెయ్యాడక ‘మర్డర్ కాని చంపడం’ అని డొంకతిరుగుడుగా రాశాను. మిత్రుడు ఒప్పుకున్నాడు, పరీక్షలో పిల్లలు అలా రాస్తే మార్కులు వెయ్యనన్నాడు. జ్యూరీ ప్రశ్న దగ్గర ‘దీన్ని హత్య అనొచ్చా, మాకు తెలియదు’ అని ఆపాను.

పని అయిపోయాక ఒక ఫొటో చూశాను. సౌతాంప్టన్‌లో పేర్ ట్రీ చర్చి ఆవరణలో రిచర్డ్ పార్కర్ పేరున ఒక రాయి ఉంది. కింద శవం లేదు, ఉండే వీలూ లేదు. రాయి మీద పేరు, పదిహేడేళ్లని వయసు, పడవ పేరు, తెరచిన పడవలో పందొమ్మిది రోజులు పడ్డ బాధ. ఇంత జరిగాక, ఇంతమంది జడ్జీలు కూర్చున్నాక, ఆ రాయి చెక్కినవాళ్లు వాడుకున్న క్రియ మాత్రం చాలా మామూలుది. సముద్రంలో ‘చనిపోయాడు’ అని. తెలుగులో చను అన్నా పోవు అన్నా వెళ్లడమే. ఆ మాటకి నిఘంటువు తియ్యాల్సిన పని పడలేదు.